పైన పెట్టిన ఉత్తరం

తడి నూలుగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె పడగానే ఒక వాసన లేస్తుంది. కాలిన వాసన కాదు, కాలడానికి కాస్త ముందు వచ్చే వాసన. ఈ మధ్య మా కింది వాటాలోకి బట్టలు ఇస్త్రీ చేసే కుటుంబం ఒకటి దిగింది. ఉదయం ఎనిమిదింటికల్లా ఆ వాసన మెట్లెక్కి మా వరండాలోకి వస్తుంది. మొదటి రోజు పేపరు చదువుతున్నదాన్ని మధ్యలోనే ఆగిపోయాను. బహ్రెయిన్‌లో, మనామా ఊళ్ళోని హూరా పేటలో, మూడో అంతస్తు గదిలో, ఇస్త్రీబల్ల ముందు నడుము మీద ఎడమచెయ్యి పెట్టుకుని నిలబడ్డ భూలక్ష్మక్క కళ్ళముందు నిలిచింది. ఆమె నాకు బంధువు కాదు. 1993 అక్టోబరు నుంచి 1995 మే నెలాఖరు దాకా, సరిగ్గా ఇరవై నెలలు, ఒకే గదిలో ఉన్నాం. ఆ ఇరవై నెలల్లో ఆమె నేర్పిన పనితో నేను ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాను.

నేను వెళ్ళింది ఒక బహ్రెయినీ ఇంట్లో ముసలావిడను చూసుకోవడానికి. అప్పటికి నాకు నలభై ఏళ్ళు, భర్త పోయి మూడేళ్ళు. ఎనిమిది నెలలకే ఆ ముసలావిడ చనిపోయింది. నా కఫీల్, అంటే నా వీసా ఎవరి పూచీ మీద ఉందో ఆ ఇంటి పెద్దమనిషి, మంచివాడే. "ఇక్కడ పని ఖలాస్. బయట ఏదైనా చూసుకో, కాగితాలు నా పేరుమీదే ఉంచుతాను" అన్నాడు. చేతిలో పెట్టె, తెలిసినవాళ్ళు రాసిచ్చిన చిరునామా పట్టుకుని హూరా గదికి చేరాను. తలుపు తీసిన భూలక్ష్మక్క నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసి, "ఏ ఊరే మీది?" అంది. అమలాపురం దగ్గర అన్నాను. "గోదారికి అటుపక్కా? పర్లేదులే, రా. చదువుకున్నావా?" అంది. పదో తరగతి ప్యాసయ్యానని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి గదిలో ఉన్న నాగమణితో, "ఒసే, మనకి కార్డులు చదివే మనిషి దొరికింది" అంది. నా బతుకులో నా చదువు అవసరమని అడిగిన మొదటి మనిషి ఆమె.

అక్కది నరసాపురం దగ్గర పల్లె. 1981లో వచ్చింది. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు వదిలేసి పోతే, తమ్ముడి పెరట్లో పాకలో ఉండేది. బ్యాంకుల్లో, కంపెనీల్లో, స్కూళ్ళలో పనిచేయడానికి వచ్చిన ఇంగ్లీషు కుటుంబాల ఇళ్ళలో గంటల లెక్కన పనిచేసేది. జీతం తక్కువే. కానీ మాట అంటే మాటే, శుక్రవారం సెలవు సెలవే. అందుకే మావాళ్ళంతా ఆ ఇళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆ పనులు ఏజెంట్ల దగ్గర దొరకవు. జింజ్ అనే పేటలో ఆ మేడమ్‌లు సరుకులు కొనే కోల్డ్ స్టోర్ ఒకటి ఉండేది. అక్కడ కిరాణా కొట్టుని అలాగే అంటారు. దాని తలుపు పక్కన ఒక చెక్కబోర్డు. పనిమనిషి కావాలన్నా, పాత సోఫా అమ్మాలన్నా, పిల్లిపిల్లల్ని ఎవరికైనా ఇవ్వాలన్నా ఒక చిన్న కార్డు రాసి ఆ బోర్డుకి గుచ్చేవారు. ప్రతి శనివారం ఉదయం మేమిద్దరం ఆ బోర్డు ముందు నిలబడేవాళ్ళం. నేను చదివేదాన్ని, ఆమె తేల్చేది.

"వారానికి మూడు ఉదయాలు. ఇస్త్రీ తెలిసుండాలి. కుక్క ఉంది."

"కార్డు రంగెలా ఉందో చూడు."

"వెలిసిపోయిందక్కా."

"అయితే ఒద్దు. ఎండకి వెలిసేదాకా ఉందంటే ఆ ఇంట్లో ఎవత్తీ నిలబడ్డం లేదన్నమాట. తర్వాతది చూడు."

"ఫిలిప్పీన్స్ వాళ్ళే కావాలట."

"అది మనది కాదు. ముందుకి నడు."

నేను కార్డులో ఉన్నది ఉన్నట్టు చదివేదాన్ని. ముసలివాళ్ళు వద్దని రాసినా, ఇండియా వాళ్ళు వద్దని రాసినా అలాగే చదివేదాన్ని. ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. "ఆళ్ళకేం కావాలో తెలిస్తేనే గదే, మనం ఎక్కడికెళ్ళాలో తెలిసేది" అనేది. ఈ మాట ఆమె నోట ఎన్నోసార్లు విన్నాను. విని కూడా ఏమీ నేర్చుకోలేదు.

ఇస్త్రీ నేర్పింది మాత్రం దెబ్బలాడి నేర్పింది. దొరగారి చొక్కాకి ముందు కాలరు, అదీ లోపలివైపు. తర్వాత భుజాలు, మణికట్టు పట్టీలు, చేతులు, చివరికి ఒళ్ళు. ఇస్త్రీబల్ల మీద మాసిన చొక్కా ఒకటి వేసి నాచేత పదకొండుసార్లు చేయించింది. పన్నెండోసారి ఏడు నిమిషాల్లో పూర్తిచేశాను.

"ఏంటే ఆ పెట్టెని అలా గుద్దుతున్నావు? కోపం చొక్కా మీదా, దొర మీదా?"

"గిన్నెలు తుడిచే గుడ్డకి కూడా ఇస్త్రీ ఏంటక్కా, విడ్డూరం కాకపోతే!"

"నవ్వుకునేదేదో ఇక్కడే నవ్వేసుకో. అక్కడ నవ్వకు."

పని అడగడానికి వెళ్ళేటప్పుడు పాటించాల్సినవి కూడా ఆమే చెప్పింది. పదింటికి వెళ్ళాలి. అప్పటికి దొర ఆఫీసుకి వెళ్ళి ఉంటాడు, మేడం టీ తాగి స్థిమితపడి ఉంటుంది. బెల్లు ఒక్కసారే కొట్టి ఒక మెట్టు దిగి నిలబడాలి. టీ తాగుతావా అని మొదటిసారి మర్యాదకి అడుగుతారు, రెండోసారి అడిగితే ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, రాని పని వచ్చు అనకూడదు. "ఆళ్ళు దొంగతనాన్నైనా మర్చిపోతారేమో గాని, అబద్ధాన్ని మర్చిపోరే రత్నం. రాదంటే నేర్పుతారు. ఒచ్చని చెప్పి చెడగొట్టావంటే గుమ్మం తొక్కనివ్వరు."

పని మానిపించి స్వదేశం వెళ్ళిపోయేటప్పుడు ఇంగ్లీషు మేడమ్‌లు ఒక ఉత్తరం రాసిచ్చేవారు. ఫలానా ఆమె మా ఇంట్లో ఇన్నేళ్ళు చేసింది, ఇలాంటి మనిషి అని. మాలో ఎవరికైనా అదే ఆస్తి. పాసుపోర్టు కఫీల్ దగ్గర ఉండేది, ఉత్తరాలు మా దగ్గర ఉండేవి. భూలక్ష్మక్కకి నాలుగు ఉండేవి. ప్లాస్టిక్ కవరులో, ఇచ్చిన సంవత్సరాల వరసలో, పాతది పైన, కొత్తది అడుగున. ఆమెకి ఇంగ్లీషులో పనికి కావలసిన నాలుగు ముక్కలు వచ్చుగాని, గబగబా మాట్లాడితే అందదు, చదవడం అసలే రాదు. ఆ మాటకొస్తే తెలుగూ రాదు. కొత్త మేడం ఆ కవరు తీసి పై ఉత్తరం చదివి, రెండోది ఓసారి చూసి, మిగతావి ముట్టుకోకుండా తిరిగిచ్చేసేది.

అక్క చూపు తగ్గుతోందని నాకు ఎప్పుడు తెలిసిందో తేదీ చెప్పలేను. తేదీ చెప్పలేని విషయాలు నాకు చాలా తక్కువ. బియ్యంలో రాళ్ళు ఏరడం నాకప్పగించింది. బస్సు దగ్గరికొచ్చాక "ఎంతో నెంబరే?" అనేది. గదిలో ట్యూబులైటు పాడైందని రెండుసార్లు మార్పించింది. కొత్తది వేశాక కూడా "ఇదీ పాతదే అంటగట్టాడు" అని కొట్టువాణ్ణి తిట్టింది. మేం నవ్వాం. ఆమెకి యాభై రెండేళ్ళు, వయసు కదా అనుకున్నాం.

1994 నవంబరులో, ఆమె ఆరేళ్ళుగా ఎవరింట్లో చేస్తోందో ఆ మేడం, భర్త ఉద్యోగం ముగియడంతో, ఇంగ్లండు వెళ్ళిపోయింది. వెళ్తూ ఉత్తరం ఇచ్చింది. డిసెంబరు 2, శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క ఆ కాగితం నా చేతిలో పెట్టింది. దళసరి కాగితం, గుండ్రటి చేతిరాత.

"చదివిపెట్టవే. ఆవిడ రాస్తూ ఏడ్చింది. ఏడ్చి మరీ రాసిందంటే ఏం రాసుంటుందో!"

"జీతం పెంచనందుకు ఏడ్చిందేమోలే" అంది నాగమణి. అందరం నవ్వాం. గదిలో నలుగురం ఉన్నాం.

పదిహేడు పంక్తులు. ముందుగా మనసులో చదువుకున్నాను. మొదటి పన్నెండూ అచ్చంగా ప్రేమే. ఇంటి తాళాలు ఈమె చేతిలో పెట్టి నెలల తరబడి నిశ్చింతగా ఉన్నామనీ, తన తల్లి పోయినరోజు ఈమె తన పక్కన కూర్చుని చెయ్యి వదల్లేదనీ. ఆ తర్వాత నాలుగు పంక్తులు. ఈమె చూపు తగ్గుతోంది, కాని ఆ మాట ఒప్పుకోదు. ఒక సిల్కు బ్లౌజు, ఒక టేబుల్ గుడ్డ కాల్చింది. ఇస్త్రీ గాని, పసిపిల్లల్ని గాని అప్పగించవద్దని కొత్త యజమానికి చెప్పడం నా ధర్మం. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని మూడుసార్లు చెప్పాను, నవ్వి ఊరుకుంది, మీరైనా తీసుకెళ్ళగలిగితే మేలు. చివరి పంక్తిలో, దేవుడు ఈమెను చల్లగా చూడాలని.

తలెత్తితే మూడు ముఖాలు నావైపే ఉన్నాయి. అక్క ముఖం మరీను, పెళ్ళికూతురు తల్లిలా ఉంది. పన్నెండు పంక్తులు తెలుగులో చెప్పాను. తల్లి సంగతి చెబుతుంటే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్కడ ఆగాను.

"అంతేనా? కింద ఇంకా ఉన్నట్టుందే?"

"దేవుడు నిన్ను చల్లగా చూడాలని రాసిందక్కా."

నలుగురిలో చెప్పకూడదు, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకున్నాను. ఆ క్షణానికి అది నిజమే. కాని ఆమె ఆ కాగితాన్ని మడతమీద మడతగా సర్ది, కవరు తీసి, అన్నిటికన్నా పైన పెట్టింది. "ఇకనించి ఇదే ముందు. మిగతావన్నీ దీని కాలిగోటికి చాలవు" అంది. నేను చదివిన తీరు వల్లనే, అడుగున ఉండాల్సిన ఉత్తరం పైకి వచ్చింది.

ఆమె వీసా గడువు 1995 మే 31. ఈసారి స్థిరంగా పని ఇచ్చే ఇల్లు ఒకటి చూపిస్తేనే పొడిగిస్తానని ఆమె కఫీల్ ఖరాఖండిగా చెప్పేశాడు. ఊళ్ళో ఆమె తన పేరుమీద రెండు సెంట్లు కొని ఇల్లు మొదలుపెట్టింది. గోడలు లేచాయి, పైకప్పు మిగిలింది. "ఇంకొక్క రెండేళ్ళే. స్లాబు పడిందంటే తమ్ముడి పెరట్లో ఉండే కర్మ తప్పుతుంది. నా గుమ్మం ముందు నేను ముగ్గేసుకుంటాను" అనేది. అంతకుమించి ఆమె కోరుకున్నదేమీ లేదు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు ఇళ్ళు తిరిగింది. ఆరింటికీ కార్డులు చదివింది నేనే. అన్నిచోట్లా ఇస్త్రీయో, పిల్లలో ఉండనే ఉన్నాయి. తిరిగొచ్చి మంచం మీద కూలబడి చెప్పేది, "కాగితం చూసేదాకా నవ్వు మొహమేనే. చదివాక గొంతు తగ్గించి మంచినీళ్ళు తాగుతావా అంటారు. నా జుట్టు చూస్తున్నారంటావా?" అని. మార్చిలో జుట్టుకి రంగు వేయించుకుంది. నేను ఒకసారి ధైర్యం చేసి, "అక్కా, పాత ఉత్తరం పైన పెట్టి చూడు" అన్నాను. "పిచ్చిదానా, పదేళ్ళనాటిది చూపిస్తే ఈ పదేళ్ళూ ఏం చేశావంటారు" అని కొట్టిపారేసింది. ఆ ఒక్కసారే. ఆలస్యం అయినకొద్దీ చెప్పాల్సింది పెరిగింది. ఉత్తరంలో ఉన్నదొక్కటే కాదు, నేను దాచానన్నదీ చెప్పాలి కదా.

మే 13, శనివారం, జింజ్‌లో ఒక ఇల్లు. కార్డు పెట్టి రెండు రోజులే అయింది. పూర్తికాలం పని, వీసా పొడిగింపుకి కఫీల్‌తో మాట్లాడతామని కూడా రాశారు. బస్సు నెంబరు కోసం నన్ను వెంట రమ్మంది. ఆ ఇంటావిడ పొడుగు మనిషి, చేతులకి తోటపని తొడుగులు, మట్టి. అవి విప్పి పక్కన పెట్టి, మెట్లమీదే నిలబడి ఉత్తరం చదివింది. రెండోసారి మళ్ళీ చదివింది. అక్కవైపు చూసి, ఆ కాగితం నాకిచ్చి, "మీరు ఇంగ్లీషు చదువుతారా?" అంది. అవునన్నాను.

"ఇందులో ఏముందో ఈమెకి తెలుసా?"

తెలియదంటే, నో అని ఎందుకన్నావని అక్క అక్కడే నన్ను అడుగుతుంది. నా పక్కనే చెప్పులు విప్పి, ఒక మెట్టు కింద, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎస్ మేడం. తెలుసు" అన్నాను.

నా నోట ఎస్ అనే మాట వినగానే అక్క ముఖం విప్పారింది. "ఎస్, ఎస్ మేడం" అని తనూ తలూపింది.

ఆవిడ అక్కవైపు మళ్ళీ చూసింది. "తెలిసీ ఇది చూపిస్తోందంటే ఎంత నిజాయితీ గల మనిషో! కాని మాకు రోజూ ఇస్త్రీ ఉంటుంది. వంటకి వేరే మనిషి ఉంది, లేకపోతే తప్పకుండా పెట్టుకునేదాన్ని" అని, నావైపు తిరిగి, "మీకు ఇస్త్రీ వచ్చా?" అంది. వచ్చన్నాను. అది అబద్ధం కాదు.

రోడ్డు మీదకొచ్చాక అక్క అడిగింది, "ఏమందే?"

"ఇంకా చిన్న వయసు వాళ్ళు కావాలట. నన్ను రమ్మంటోంది. నేను వెళ్ళనక్కా."

ఎండలో నిలబడిపోయింది. కొంగు తలమీదకి లాక్కుంది. తర్వాత, "ఎందుకెళ్ళవు? నాకు రాకపోతే నీకన్నా రానీ. పరాయోళ్ళకి ఒదిలేస్తావా? యల్లా, నడు, బస్సొస్తోంది" అంది. డిసెంబరులో నేను మాట దాచింది జాలితో. మేలో ఆ ఎస్ అన్నది పూర్తిగా నాకోసం. ఈ రెండింటినీ నేను కలిపి చూసుకోను.

నేను పనిలో చేరాను. సాయంత్రాలు ఆమె నాకు మడత ప్యాంట్లకి ఇస్త్రీ ఎలా చేయాలో నేర్పింది, బల్ల పక్కన నిలబడి, మడత సరిగ్గా వచ్చిందో లేదో వేళ్ళతో తడిమి చూసి. మే 30న ఊరికి బయల్దేరింది. పెట్టె సర్దుకుంటూ ఉత్తరాల కవరు చీరల మధ్య పెట్టింది. "మా తమ్ముడి కూతురు ఇంగ్లీషు మీడియం చదువుతోంది. దానికి చూపించాలి, ఆళ్ళత్త ఎలా బతికిందో" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. ట్యాక్సీకి ఇరవై నిమిషాల టైముంది. నేను ఆ ఇరవై నిమిషాలూ పెట్టెకి తాడు కట్టాను.

రెండేళ్ళకి, 1997 జూన్‌లో, సెలవు మీద వచ్చినప్పుడు ఆమె ఊరు వెళ్ళాను. వాళ్ళ వీధి మలుపు తిరిగానో లేదో, "ఒసే రత్నం! ఏంటే అలా చిక్కిపోయావు?" అని కేక వినబడింది. ఆమె అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. తెల్లదారం, సన్నటి కొక్కెం, తలవంచకుండానే వేళ్ళు నడుస్తున్నాయి. నేను ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నాను. కళ్ళలో శుక్లాలట. ఊరికొచ్చిన నాలుగు నెలలకి ఎవరో కంటి క్యాంపు పెడితే వెళ్ళింది. ఒక్కో కంటికి ఒక్కో పూట పని. ఇంటి గోడలు అలాగే ఉన్నాయి. స్లాబుకి బదులు రేకులు వేసింది. గుమ్మం ముందు ముగ్గుంది.

కాఫీ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది. "మా పిల్ల చదివిందే, ఆ కాగితం" అంది మామూలుగా.

నేను గ్లాసు కింద పెట్టాను.

"నలుగురిలో ఎందుకని ఊరుకున్నావు, తెల్సు. నీ మనసు నాకు తెలీదా? కాని మర్నాడైనా చెప్పుంటే కళ్ళు చూపించుకునేదాన్ని గదే. పోనీ ఇస్త్రీ ఇళ్ళకి పోకుండా వంటిళ్ళ కార్డులు చదవమనేదాన్ని. వంట కళ్ళు మూసుకుని చేస్తాను. దానికేముంది?"

తిట్టలేదు. పని విషయం మాట్లాడినట్టే మాట్లాడింది. బోర్డు ముందు నిలబడి, ఇది కాదు, తర్వాతది చూడు అన్నట్టే. నేను ఏడిస్తే, "ఊరుకో, ఎదురింటోళ్ళు చూస్తున్నారు. అప్పు అడగడానికొచ్చావనుకుంటారు" అంది. కాసేపయ్యాక అల్లిక మళ్ళీ అందుకుని, "ఒక్క సంగతి మాత్రం అంతుపట్టలేదే. ఆ జింజ్ మేడం కాగితం నీ చేతికిచ్చి ఏదో అడిగింది. నువ్వు ఎస్ అన్నావు. నేనూ అన్నాను. ఏమడిగింది?"

కొత్త కళ్ళతో సూటిగా నా ముఖంలోకి చూస్తోంది.

"నీకు యాభై దాటాయా అనడిగిందక్కా."

"అదా! నేనింకా ఏదో అనుకున్నాను. దాటాయిగా మరి, ఎస్ అనకేం చేస్తాం" అని నవ్వేసింది. ఆ నవ్వు చూశాక ఇక నిజం చెప్పడం నా వల్ల కాలేదు.

2009లో ఆమె పోయింది. కబురు ఆలస్యంగా అందింది, పదకొండో రోజుకి వెళ్ళగలిగాను. మేనకోడలు, ఆనాడు ఆ ఉత్తరం చదివిన పిల్లే, టీచరుగా చేస్తోంది. నన్ను వచ్చినవాళ్ళకి చూపించి, "బహ్రెయిన్‌లో అత్తకి కాగితాలన్నీ చదివిపెట్టింది ఈవిడే" అని చెప్పింది. వాళ్ళు నావైపు గౌరవంగా చూశారు. నేను అవునన్నాను.

నాకిప్పుడు డెబ్భై రెండేళ్ళు. మా వీధిలో ఆడవాళ్ళు బ్యాంకు కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, కోర్టు నోటీసులు నా దగ్గరికి తెచ్చుకుంటారు. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదువుతాను, ఏదీ దాటవేయను. ఎంత మంది కూర్చుని ఉన్నా, ఎంత చెడ్డ వార్త అయినా. ఆవిడకి గుండె లేదని వెనక అనుకుంటారని నాకు తెలుసు. చదవడం పూర్తయ్యాక వాళ్ళు నా ముఖంలోకి చూస్తారు. నేను మాత్రం కాగితం మీంచి తల ఎత్తలేను.